కాంతం ముసలిదైతే ఒప్పుకోని ఊరు

మా బందరులో పుస్తకం ఎలా ఉందని అడిగితే పుస్తకం గురించి ఎవరూ చెప్పరు. అందులోని మనుషుల గురించి చెబుతారు. అది హాస్యం పుస్తకమై, ఒకదాని వెనక ఒకటిగా వస్తూ పోయిందైతే ఇక అడగక్కర్లేదు, ఆ మనుషుల్ని తమ మేనత్త వైపు చుట్టాల్లో కలిపేసుకుంటారు. "కాంతం కథలు ఎలా ఉన్నాయి పిన్నీ?" అని మా పిన్నిని అడిగాను. "ఆ పిల్లకి కాస్త నోరెక్కువేరా. అయినా ఆ వెంకట్రావు లాంటి మొగుడితో వేగాలంటే ఆమాత్రం నోరుండాల్లే" అంది. కథ, శైలి, పాత్రపోషణ అన్నిటి మీదా విమర్శ అందులోనే అయిపోయింది. ఆ తర్వాత చింతకాయ పచ్చడి సంగతికి వెళ్ళిపోయింది.

కాంతానికి మా ఊరితో ఉన్నది ఉత్తుత్తి చుట్టరికం కాదు. ఆమెను పుట్టించిన మునిమాణిక్యం నరసింహారావుగారు (1898–1973) తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టినా, బందరులో చాలాకాలం బడిపంతులుగా ఉన్నవారు. కథల్లో వెంకట్రావూ బడిపంతులే. చాలీచాలని జీతం, చాలినంత కన్నా ఎక్కువమంది బంధువులు, తీర్చిన కొద్దీ పెరిగే అప్పులు, వీటన్నిటి మధ్యా మాటకు మాట అప్పజెప్పే భార్య. కాంతం జనానికి పట్టుబడిపోయింది. ఇంక ఆయన్ని ఊరుకోనిస్తారా? 'నేనూ మా కాంతం' వచ్చింది, 'కాంతం కైఫీయతు' వచ్చింది, చివరికి 'కాంతం వృద్ధాప్యం' కూడా వచ్చింది.

మా ఊళ్ళో పెద్దాయన ఎవర్ని కదిపినా కాంతం ఇల్లు తమ వీధిలోనే ఉండేదంటారు. గొడుగుపేటలో పెరిగినవాళ్ళకి అది గొడుగుపేటలో ఉంది, బచ్చుపేట వాళ్ళకి బచ్చుపేటలో. ఈడేపల్లి ఆయన ఒకరు ఇంకో మెట్టు ఎక్కారు. ఆ ఇంటి అరుగు మీద తను చిన్నప్పుడు కూర్చున్నానన్నారు. కాంతం కథలోని మనిషి కదండీ అంటే, "కథలోని మనిషైతే మాత్రం ఇల్లుండదా?" అని నా మొహాన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ అభిప్రాయాలు అచ్చులో ఎక్కడా దొరకవు. దొరికే చోటు ఒకటుండేది. కోనేరు సెంటరు పక్క సందులో ఒక అద్దె లైబ్రరీ. పుస్తకాలకు గోధుమరంగు కాగితపు అట్టలు, వెన్నుకు మైదాపిండి జిగురుతో గుడ్డముక్క, లోపల ప్రతి పేజీకీ అంచున పాఠకుల తీర్పులు. అక్కడి కాంతం కథల కాపీలో మొగుడూ పెళ్ళాం వాదులాడుకునే చోట ఎవరో పెన్సిలుతో రాశారు: "కాంతం చెప్పిందే రైటు." కింద నీలం సిరాతో ఇంకొకరు: "తమరికి ఇంకా పెళ్ళి కాలేదనుకుంటాను." దాని కింద గుండ్రటి దస్తూరీలో, ఎర్ర సిరాతో: "పుస్తకములపై వ్రాయరాదు." దాని కింద మళ్ళీ పెన్సిలు: "మీరు వ్రాశారుగా మాస్టారూ." నాలుగు పేజీలు తిప్పాక ఆ ఎర్ర సిరా ఆయనే ఒక మంచి చమత్కారం పక్కన చిన్న టిక్కు పెట్టాడు, అలవాటు కొద్దీ. మార్కులు మాత్రం వెయ్యలేదు. చివరి పేజీలో ఎవరో ఆడపిల్ల రాత: "రాత్రి రెండింటికి అయింది. అమ్మ తిట్టింది." ఇంతకన్నా గొప్ప సమీక్ష మన వారపత్రికల్లో నాకు కనబడలేదు. సమీక్షకులెవరినీ వాళ్ళ అమ్మలు తిట్టినట్టు దాఖలాలు లేవు.

బందరు కాంతం పక్షమైతే, గుడివాడ పార్వతీశం పక్షం. కనీసం గుడివాడలో నాకున్న ఒక్క మావయ్యా ఆ పక్షమే, ఆయన గొంతు ఊరికంతటికీ సరిపోతుంది. రైసుమిల్లులో గుమస్తాగా చేశారు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరీ చదవడానికి ఇంగ్లండు బయల్దేరడం, పళ్ళు తోముకోవడానికి పుల్లలు కట్టగట్టి పట్టుకుపోవడం, మద్రాసులో దొరటోపీ అనుకుని దొరసాని టోపీ కొనుక్కోవడం. 1940లో సినిమా కూడా తీశారు. రెండో భాగం, మూడో భాగం మాత్రం దశాబ్దాల తర్వాత వచ్చాయి. అక్కడే మావయ్యకు మండుతుంది.

బందరు నుంచి బెజవాడ వెళ్ళే పాసింజరులో ఒకసారి ఈ గొడవ లేచింది. పెడన దగ్గర మావయ్య మొదలుపెట్టారు. "టోపీ తప్పు కొన్నవాడు మనవాడు. చదువుకుని, తెలివొచ్చి, ఇంటికొచ్చి పెళ్ళి చేసుకుని, నల్లకోటేసుకుని కోర్టుకెళ్ళేవాడు మనకెందుకయ్యా? అలాంటివాళ్ళు గుడివాడలో గుంపులున్నారు. వాళ్ళని చూసి ఎవరన్నా నవ్వుతున్నారా?" కవుతరం వచ్చేసరికి ఎదుటి సీటులో కూరల సంచీ పెట్టుకున్న పెద్దావిడ అందుకుంది. "మీకేమండీ, మగవాళ్ళు. ఎప్పటికీ టోపీ తప్పు కొంటూనే ఉంటే ఆ పిల్లాడి తల్లిదండ్రులేమైపోవాలి? మూడో భాగంలో వాడు ఒక దారిన పడ్డాకే నాకు నిద్ర పట్టింది." గుడ్లవల్లేరు దాటినా ఇద్దరూ తగ్గలేదు. హాస్యం కోసం వాడు వెర్రివాడుగానే ఉండాలని ఆయన, వాడి బతుకు బాగుపడాలని ఆవిడ. పెట్టెలో జనం రెండుగా చీలి, వేరుశనక్కాయలమ్మే కుర్రాడు కూడా కాసేపు బేరం మానేసి విన్నాడు. గుడివాడలో మావయ్య దిగుతుంటే ఆవిడ కిటికీలోంచి, "మీ పిల్లలకి పెళ్ళిళ్ళు చేశారా లేదా?" అని కేకేసింది. చేశారు. అందుకే ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

దివిసీమ వెళ్తే వ్యవహారం అంతర్జాతీయం అవుతుంది. అవనిగడ్డలో మా బావ ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరయ్యాడు, ఉడ్‌హౌస్ భక్తుడు. ఆ దొర హాస్యనవలల్లో కొన్ని పాత్రలు పుస్తకం తర్వాత పుస్తకంలో వస్తూనే ఉంటాయి. సాయంత్రం వాలుకుర్చీలో కూర్చుని బావ నాకు క్లాసు తీసుకున్నాడు. "చూడవోయ్, జీవ్స్ అనే ఆ పనివాడు మొదట కథలోకి వచ్చింది 1915లో. ఆఖరి నవల 1974లో. అంటే యాభై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో అతని యజమాని బెర్టీ ఊస్టర్‌కి ఒక్క వెంట్రుక నెరిసిందా? రెండు ప్రపంచయుద్ధాలు జరిగాయి, వాడు ఇంకా క్లబ్బులోనే ఉన్నాడు. హాస్యమంటే అదీ. మీ మునిమాణిక్యం ఏం చేశాడు? కాంతాన్ని ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టాడు. చదివేవాడికి నవ్వెక్కణ్ణించి వస్తుంది?"

లోపల చేపలు తోముతున్న మా అక్క చేతులు కడుక్కోకుండానే గుమ్మంలోకి వచ్చింది. "ఆ బెర్టీకి పెళ్ళైందా?"

"లేదు. ప్రతి పుస్తకంలోనూ తప్పించుకుంటాడు. తమాషా అదే."

"ఉద్యోగం?"

"లేదు."

"పొద్దున్నే కాఫీ ఎవరిస్తారు?"

"టీ. జీవ్స్ ఇస్తాడు."

"మరి వాడు ముసలాడెందుకవుతాడండీ? కాంతానికి కూడా ఒక జీవ్స్‌ని పెట్టమనండి, ఆవిడా యాభై తొమ్మిదేళ్ళు నవనవలాడుతుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

బావ తేరుకుని, "మరి బుడుగో? ముళ్ళపూడి వాడు పెరగనివ్వలేదుగా" అన్నాడు. "వాడికి అన్నం పెట్టడానికి వాళ్ళమ్మ రాధ ఉంది" అని లోపల్నించే జవాబొచ్చింది. ఉడ్‌హౌస్ మీద అంత మంది రాశారు, ఈ పాయింటు ఇంత తొందరగా తేల్చినవాళ్ళని నేను చదవలేదు.

ఓడిపోతున్న బావ పక్షాన సాక్ష్యం పలకడానికి నాగాయలంక నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన వచ్చాడు. బావ ఆయనకు ఉడ్‌హౌస్ రాసిన ఎమ్స్‌వర్త్ ప్రభువు కథ చెప్పాడు. ఆ జమీందారుకు ఒక ఆడపంది ఉంటుంది, దాన్ని పందేనికి బలిపిస్తుంటాడు, 1929లో వచ్చిన 'సమ్మర్ లైట్నింగ్' నవలలో దాన్ని ఎవరో ఎత్తుకుపోతారు. బావ చెబుతూ తనే పడీపడీ నవ్వాడు. రొయ్యలాయన నవ్వలేదు. "మేత ఎట్టా వేసేవాడండీ?" అన్నాడు. వోల్ఫ్, లేమన్ అనేవాళ్ళ లెక్క ప్రకారం అన్నాడు బావ. "రేటు పడిపోకముందే అమ్మేసుకోవాల్సింది. కాపలా ఎవరు?" బావ పనివాడి పేరు చెప్పాడు. "రాత్రిపూట చెరువు మీద ఒక్క మనిషిని పెడితే ఎత్తుకుపోక ఏంచేస్తారు, ఇద్దరుండాలి" అని నవల మీద తన అభిప్రాయం ప్రకటించి, ఆ జమీందారు కష్టానికి నిజంగా జాలిపడి, టీ తాగి వెళ్ళాడు. ఆ పుస్తకాన్ని అంత మనసుపెట్టి విన్నవాడు అవనిగడ్డ మొత్తం మీద ఇంకొకడు లేడని బావే ఒప్పుకున్నాడు.

ఇంతమంది మాటా విన్నాక నా మాట. అక్క చెప్పినదానికే నా ఓటు. ఇంగ్లీషు వాళ్ళ హాస్యం వయసుని గుమ్మం బయటే ఆపేస్తుంది, మనవాళ్ళ హాస్యం దాన్ని లోపలికి పిలిచి పీట వేస్తుంది. పార్వతీశానికి తెలివొచ్చింది, కాంతానికి కీళ్ళనొప్పులొచ్చే వయసొచ్చింది. నవ్వు కాస్త తగ్గిందన్నది నిజమే. ఆ తగ్గిన నవ్వు కూడా మొదటి పుస్తకాల పుణ్యమే తప్ప, విడిగా చదివితే అంత పండదన్నదీ నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళొచ్చినా టోపీ తప్పు కొనేవాడు మా వైపు ఉంటే వాడికి పిల్లనెవరిస్తారు? మావయ్య మాత్రం ఇవ్వరు.

బందరు ఇంకా దిగిరాలేదు. 'కాంతం వృద్ధాప్యం' పిన్నికిస్తే అట్ట చూసి వెనక్కిచ్చేసింది. "ఇది చదవడమెందుకురా, గోడకి అద్దం ఉందిగా."

అసలు పాఠకుల అభిప్రాయం తెలుసుకోవడానికి వాళ్ళనేం అడగక్కర్లేదని నాకు నా బీరువా నేర్పింది. పుస్తకాలు ఎరువిస్తే చాలు. బాగున్నది తిరిగిరాదు, బాగాలేనిది పూలు పెట్టి మరీ తెచ్చిస్తారు. 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం ఎన్ని కాపీలు కొన్నా నా దగ్గర నిలవదు. రెండో భాగం వెళ్ళిన మనిషితో మాట్లాడుతూ ఉంటే ఏడాదికి వస్తుంది. మూడో భాగం మాత్రం వెళ్ళిన వారానికే, అట్ట నలక్కుండా, "చదవడం అయిందండీ" అన్న అబద్ధంతో సహా వచ్చేస్తుంది. బెజవాడ పాసింజరులో వాదించిన ఆ పెద్దావిడ చిరునామా తెలిసుంటే దాన్ని ఆవిడకే ఇచ్చేద్దును.

కాబట్టి ఇది చదువుతున్నవారిలో నా మొదటి భాగాలున్న వారికి మనవి. మీరెవరో నాకు తెలుసు, ఒకరు పెడనలో, ఒకరు మోపిదేవిలో ఉన్నారు. పుస్తకం తిరిగివ్వమని అడగను, అది జరిగే పని కాదు. దయచేసి వచ్చి మూడో భాగం కూడా పట్టుకుపోండి.