వరుణదేవుడి ఉచిత క్యూరింగ్

మా ఫ్లాటు స్లాబు వేస్తున్నారంటే జులైలో ఒక సాయంత్రం హైదరాబాదు శివార్లకు పరుగెత్తాను. నేనూ వానా ఒకేసారి చేరాం. పచ్చి కాంక్రీటు మీద చినుకులు గుంటలు పెడుతుంటే సిమెంటు పాలు సెంట్రింగు సందుల్లోంచి కిందికి కారుతున్నాయి. "బరకం కప్పరేం బాబూ?" అన్నాను. సూపర్‌వైజరు నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.

"వాన మంచిదే సార్. ఫ్రీగా క్యూరింగ్ అయిపోద్ది."

మన సైట్లలో ఇది వేదవాక్కు. పచ్చి కాంక్రీటు మీద కురిసే వాన క్యూరింగయితే, పొయ్యి మీది చారులో బిందెడు నీళ్లు కుమ్మరించడం పోపు పెట్టడమే. గట్టిపడ్డాక తడి ఆరనివ్వకపోవడం క్యూరింగ్. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ అయితే కనీసం 10 రోజులు అలా ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ రోజుల్లో వెళ్లి చూద్దును కదా, స్లాబు మీద కట్టిన మళ్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. మోటారు కాలిపోయింది, వాచ్‌మన్ ఊరెళ్లాడు. వానను నమ్ముకున్నారు. ఆ వారం అది రాలేదు.

అలాగని మావాళ్లకు నీళ్లంటే పిసినారితనం అనుకోకండి. వద్దన్న చోటల్లా ధారాళంగా పోస్తారు. సిమెంటు బస్తాలను చెక్కల మీద, గోడకు ఎడంగా, పదికి మించకుండా దొంతర పెట్టాలి. మా సైట్లో అవి నేల మీదే పడుకుని గోడ చెమ్మను హాయిగా తాగుతుంటాయి. గడ్డకట్టిన బస్తాను మేస్త్రీ పారతో నాలుగు బాది, జల్లెడ పట్టి, "ప్లాస్టరింగుకి పనికొస్తది" అంటాడు. సిమెంటుకు నీళ్లతో పెళ్లి జన్మకొక్కసారే. అయిపోయిన పెళ్లికి ఈయన మళ్లీ పీటలు వేస్తాడు.

ఇసుకదీ అదే భాగోతం. నూటికి ఐదారు పాళ్ల తడి తగిలితే చాలు, సన్న ఇసుక పాతిక పాళ్ల దాకా ఉబ్బుతుంది. తట్టలతో కొలిచేవాడికి ఉబ్బూ ఇసుకే. అందులో దాగిన నీళ్లను కలిపే నీళ్లలోంచి తగ్గించాలని చెప్పబోయాను. బస్తాకు 25 లీటర్లంటే లోపలి తడితో కలిపే కదా అని నా లెక్క. మేస్త్రీ లెక్క ఒకటే: "మాలు జారట్లేదు, ఇంకో బకెట్ పొయ్యరా!"

సెల్లారు గోతి సంగతి వేరు. పక్కల ఊతం లేకుండా లోతుగా తవ్వి వానాకాలానికి వదిలేస్తారు. నానిన మట్టి విరిగిపడి కూలీలు చనిపోయిన వార్తలు మనమంతా చదివినవాళ్లమే. దాని మీద వెటకారం ఆడటానికి నాకు నోరు రాదు.

టెర్రస్ దగ్గరికొద్దాం. వాలు ఈశాన్యానికే ఉండాలని వాస్తు చూసినాయన పట్టుబట్టాడు. ప్లంబరు అప్పటికే పైపు వాయవ్యంలో పెట్టేశాడు. ఇద్దరి మాటా పోకూడదని నీళ్లు మధ్యలోనే ఆగిపోయాయి.

పనితనంలో లోపాన్ని ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలని 2016 నాటి రెరా చట్టం అంటుంది. అందుకే మా బిల్డరు నిఘంటువులో చెమ్మకు లోపమన్న అర్థం లేదు. "కొత్త ఇల్లు కదా సార్, కొంచెం ఊరుతుంది" అంటాడు. ఆరేళ్లు పోయాక "పాత ఇల్లు కదా సార్" అంటాడు కాబోలు. గోడ ఉబ్బిన చోట లప్పం రాసి, రంగేసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫొటోలో తడి తెలీదు.

మొన్న బాత్రూముల్లో టైల్స్ వేయబోతుంటే వెళ్లి, ముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద తడి కనిపిస్తుందేమో చూద్దామన్నాను. వానలో స్లాబును తడిపి మురిసిన ఆ సూపర్‌వైజరే అదిరిపడ్డాడు.

"ట్యాంకరు నీళ్లు సార్, ఊరికే దండగ చెయ్యలేం. అయినా మీరు దిగాక, కింద ఫ్లాటాయన ఎలాగూ చెబుతాడుగా!"