అశ్వబూటీయం (టీకాతాత్పర్య సహితం)

అవతారిక

మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టి కావ్యాలకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు కోలాచలం మల్లినాథసూరి. ఆయనది మెదక్ వైపు కొల్చారం. నాదీ ఆ వైపే. నీళ్లొకటే అయినా నిష్ఠ ఒకటి కాదు. మూలంలో లేనివి కూడా రాస్తానని ముందే మనవి చేసుకుంటున్నాను.

ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు పద్యాలు చెప్పి రిటైరయ్యాక నాకు దొరికిన ఉద్యోగం, మనవరాలిని వారానికి మూడు పొద్దులు హైదరాబాదు శివార్లలో ఒక స్వారీ బడికి తీసుకెళ్లడం. ఆమె గుర్రమెక్కుతుంది. నేను కంచె పట్టుకుని నిలబడతాను. అక్కడ జీనులూ కళ్లేలూ తగిలించే గదిలో, గోడ మీద సుద్దముక్కతో రాసిన ఆటవెలది ఒకటి కనిపించింది. కవి పేరు లేదు. కాలం తెలియదు. లోపల వెల్క్రో ప్రస్తావన ఉంది కనుక 1950లకు ముందువాడు మాత్రం కాడు.

పద్యం పుట్టిన సందర్భం స్పష్టమే. రోజూ పొద్దున్నే అక్కడొక జగడం. ఏ గుర్రమైనా సరే, నాలుగు కాళ్లకూ బూట్లు కట్టాలంటారు కోచ్ గారు. అక్కర్లేదంటాడు గుర్రాల్ని చూసుకునే సాయిసుల్లో పెద్దాయన. గుర్రం ఇద్దరినీ విని తోక ఊపుతుంది. ఆ ఊపు ఈగల కోసమా, అభిప్రాయమా అన్నది నేటికీ తేలలేదు.

మూలము

కాలు కాలు తగులు గడియకే బూటయ్య
నడక చాలు నాడు నగ్నపదమె
కట్టుదాని కన్న ఘనమగు విప్పుట
తడిమి చూడవోయి తండ్రి సాయి

ప్రతిపదార్థం

కాలు కాలు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. గుర్రానికి నాలుగు కాళ్లుండగా కవి రెండుసార్లే ఎందుకన్నాడని శంక. ఏ క్షణాన చూసినా ఒకదాన్నొకటి కొట్టుకునేవి రెండే కనుక అని సమాధానం. ఆ కొట్టుకోవడం రెండు విధాలు. ఒక కాలి గిట్ట, నడుస్తూ నడుస్తూ, జత కాలి లోపలి వైపును రాసుకుంటూ పోవడం మొదటిది. మోకాలి కింద ఉండే పొడుగు ఎముకకు వెనకగా, అటొకటి ఇటొకటి, రెండు సన్నపు ఎముకలుంటాయి. పూర్వం వాటికీ వేళ్లుండేవి. పరిణామక్రమంలో గుర్రం ఒంటివేలి మీద నిలబడటం నేర్చాక, ఉద్యోగం పోయిన చుట్టాల్లా అవి పెద్ద ఎముకను పట్టుకుని ఉండిపోయాయి. లోపలి వైపు చుట్టానికి ఎదురు కాలి లాడం ఠంగున తగిలిందంటే వాస్తుంది, గట్టిపడుతుంది, కొన్నాళ్లు గుర్రం కుంటుతుంది. ఈ బాధకు విరుగుడుగా లోపలి వైపు దళసరి మెత్త ఉన్న బూటు వచ్చింది. ఇక రెండోది వెనక కాలి మొన వచ్చి ముందు కాలి మడమను పొడవడం. ముందు కాలు లేవడం కాస్త ఆలస్యమైతే, వెనక కాలు సినిమా క్యూలో మనిషిలా తొక్కేస్తుంది. దీనికి గంట ఆకారంలో గిట్టను కప్పే రబ్బరు తొడుగు వేరే ఉంది. బడి గుర్రాల్లో కొన్ని రేసుల నుంచి దిగివచ్చినవి. వాటికి పొడుగంగలు అలవాటు. చిన్న వలయంలో తిప్పితే కాళ్లు ఎటు పెట్టాలో తోచక ఈ రెండు తప్పులూ చేస్తాయి. కొత్తగా నేర్చే కోడె గుర్రం, అలిసిపోయిన ముసలి గుర్రం, అడ్డంగా కాళ్లు దాటిస్తూ నడిచే విద్య అభ్యసించే గుర్రం కూడా ఈ జాబితాలోవే. ఇంతవరకు కోచ్ గారి పక్షం.

అయితే తెలుగువాడు రాసిన పద్యంలో కాలు అంటే ఒక్కటే అర్థం అనుకోరాదు. కాలు అంటే మండు అని కూడా. అప్పుడు ‘కాలు కాలు’ అంటే పాదం మండు అని అన్వయం. తరవాతి ‘తగులు’ తగలబడటానికి సూచన. సాయిసు పక్షం ఈ శ్లేషలో దాగి ఉంది. గుర్రం కాలి వెనక భాగాన టెండాను అనే తాడు ఉంటుంది. అడుగు పడ్డప్పుడు రబ్బరులా సాగుతుంది, లేచేటప్పుడు ముడుచుకుంటుంది. సాగినప్పుడు దాచుకున్న శక్తిలో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. ఇవ్వకుండా నొక్కేసిన కాస్తా వేడిగా మారుతుంది. 1994లో విల్సన్, గుడ్‌షిప్ అనే పరిశోధకులు దౌడు తీసే గుర్రాల టెండాను నడిమధ్యన కొలిస్తే 45 డిగ్రీల దాకా వచ్చింది. తాడులో నెత్తురు పారకం తక్కువ, కనుక ఆ వేడి చల్లగాలి సాయంతో చర్మం మీదుగా పోవాల్సిందే. సరిగ్గా ఆ చర్మం మీద మనం తొడిగేది నియోప్రీన్. చల్లటి సముద్రంలో దిగేవాళ్లు ఒంటివేడి పోకుండా తొడుక్కునే దుస్తులకు వాడేది కూడా అదే! మొన్న మే నెలలో సాయిసు పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు: “సాబ్, ఈ ఎండలో మీకు ఉన్ని మేజోళ్లు తొడిగి గ్రౌండు చుట్టూ ఉరికిస్తే ఎట్లుంటది?” శాస్త్రాన్ని ఇంత సులభంగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

కనుక ఒకే పదం కట్టమనీ అంటుంది, వద్దనీ అంటుంది. పండితులు దీన్ని ఉభయార్థకం అంటారు. మా ఇంట్లో ఆడవాళ్లు దీన్ని నా సహజ స్వభావం అంటారు.

గడియకే. గడియ అంటే 24 నిమిషాలు. స్వారీ పాఠం 45 నిమిషాలు, అంటే రెండు గడియలకు మూడు నిమిషాలు తక్కువ. ఆ పాటికే బూటు, ఆపైన కూడదు అని ఒక అర్థం. తలుపు గడియ అని రెండో అర్థం. బూటుకు ఆ గడియే వెల్క్రో. 1941లో జార్జ్ ద మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కుక్కతో షికారుకెళ్లి వచ్చి, తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్లకాయల్ని సూక్ష్మదర్శినిలో చూసి ఈ అంటుడుపట్టీని ఊహించాడు. మన వైపు ఉత్తరేణి గింజలు పంచెలకు అంటుకుంటే తిట్టుకుంటూ పీకి పారేస్తాం, పేటెంటు సంగతి మనకు తట్టదు. గుర్రపు జూలుకు పట్టే ముళ్లు తీయడానికి రోజూ అరగంట పడుతుందనీ, అదే ముల్లు బూటు రూపంలో వచ్చి కాలు పట్టుకుందనీ కవి చమత్కారం.

బూటయ్య. బూటు, అయ్య అని పదవిభాగం. మనిషి పేరనుకున్నవారూ ఉన్నారు, వారితో వాదం అనవసరం. అసలు దీన్ని బూటనడమే అపచారం. మన బూటు పాదాన్ని కప్పుతుంది. గుర్రపు బూటు (గంట తొడుగును మినహాయిస్తే) పాదాన్ని వదిలేసి పిక్క దగ్గర ఆగిపోతుంది. పాదానికి చెప్పు వేరే ఉంది, దాని పేరు లాడం, దాన్ని మేకులతో కొడతారు. చెప్పుల మీద బూట్లు వేసుకుని తిరిగే ప్రాణి సృష్టిలో ఇదొక్కటే.

నడక చాలు నాడు. ఊరికే నడిపించుకు రావాల్సిన రోజున. వేరే విశేషం లేదు.

నగ్నపదమె. కవి ‘ఉత్త కాలు’ అనకుండా నగ్న శబ్దం వాడటంలో గొప్ప ఔచిత్యం ఉంది. గుర్రం ముందు కాలిలో మనం మోకాలనుకునేది నిజానికి దాని మణికట్టు. వెనక కాలిలో వెనక్కి తిరిగిన మోకాలులా కనిపించేది మడమ. ఆ కిందంతా మన అరచేయి, ఒక వేలు, ఆ వేలి గోరు. గోరే గిట్ట. నాలుగు క్వింటాళ్లు దాటిన జంతువు నాలుగు గోళ్ల మీద నిలబడి ఉందన్నమాట! ఆ మణికట్టు కింద కండ అనేది చెప్పుకోదగ్గంత లేదు. ఎముక, తాళ్లు, వాటి మీద చర్మం, అంతే. దెబ్బ తగిలితే అడ్డుకునే మెత్త ప్రకృతి ఇవ్వలేదు. కాబట్టి ఈ కాలు బూటు లేకపోవడం వల్ల నగ్నం కాదు, పుట్టుకతోనే నగ్నం. దీన్ని ఆధారం చేసుకునే కోచ్ గారు మళ్లీ లేస్తారు.

మతభేదాలు

ఈ పాదం మీద మూడు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. ఎప్పుడూ కట్టాలనేవారు బద్ధులు. ఎప్పుడూ వద్దనేవారు ముక్తులు. ఫలానా గుర్రానికి, ఫలానా పనికి, ఫలానా కాలికి మాత్రమే అనేవారు విశిష్టులు. నేను పుట్టుకతో స్మార్తుణ్ణయినా ఈ విషయంలో విశిష్టుల్లో కలిశాను.

బద్ధులకు ప్రమాణం పోలో. కర్ర ఒకటి గాలిలో తిరుగుతూ ఉంటుంది, బంతి దూసుకొస్తుంది, ఎనిమిది గుర్రాలు ఒకదాని మీదికొకటి వచ్చి పడతాయి. ఇంగ్లండు పోలో నిబంధనల్లో పోటీల గుర్రానికి నాలుగు కాళ్లకూ కట్టో బూటో తప్పనిసరి. ఇందులో వాదం లేదు. ముక్తులకు ప్రమాణం డ్రెస్సేజ్ అనే నడకల విద్య. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య పోటీల్లో ఆ విద్య ప్రదర్శించే గుర్రం బూట్లూ కట్లూ లేకుండా బరిలోకి రావాలి, కాలు కదిలే తీరు న్యాయనిర్ణేతలకు కనబడాలి కనుక. ఇంట్లో సాధన చేసేటప్పుడు కట్టుకుంటే అడిగేవారు లేరు. పెళ్లిచూపుల నాడు మాత్రం ముసుగు పనికిరాదు.

విశిష్టుల ప్రమాణం అన్నిటికన్నా రసవత్తరం. అడ్డుకర్రలు దూకే పోటీలో ముందుకాలి బూటుకు సాధారణంగా వెనక మాత్రమే రక్ష ఉంటుంది, ముందువైపు తెరిచి ఉంటుంది. వెనక టెండానుకు గిట్ట దెబ్బ తగలకూడదు. ముందు మాత్రం కర్ర తగిలితే గుర్రానికి తెలియాలి, తెలిస్తేనే రేపు ఇంకాస్త పైకి ఎత్తుతుంది. ఇంతవరకు న్యాయమే. కొందరు బుద్ధిమంతులు వెనకకాళ్లకు బరువైన, బిగుతైన బూట్లు వేసి, గుర్రం చిరాకుతో కాళ్లు మరీ పైకి విసిరేట్టు చేసి బహుమతులు కొట్టడం మొదలుపెట్టారు. రక్షణ పేరుతో హింస. సమాఖ్య వారు తక్కెడ తెచ్చారు. ఒక కాలి మీది సరంజామా మొత్తం 500 గ్రాములు మించరాదు, లాడం లెక్కలోకి రాదు. ధర్మశాస్త్రం తూకంరాయి పట్టాల్సి వచ్చిందంటే భక్తులు ఏ స్థాయికి వెళ్లారో ఊహించుకోండి.

ఈ మూడింటికీ చెందని నాలుగో సంప్రదాయం మా మనవరాలిది. జీను కింద గుడ్డ లావెండర్ రంగు కనుక బూట్లూ లావెండర్ కావాలంటుంది. “కాళ్లు కొట్టుకుంటున్నాయా అమ్మా?” అంటే, “మ్యాచింగ్ తాతయ్యా” అంది. దీనికి ఏ భాష్యంలోనూ ఖండన దొరకలేదు. కొనిచ్చాను.

శంక

బూటు కాలికి బలమిస్తుందా? అమ్మేవాళ్లు ఇస్తుందనే అంటారు. లెక్క చూద్దాం. దౌడులో ఒక్క ముందు కాలి మీద పడే భారం గుర్రం బరువుకు సుమారు రెండున్నర రెట్లు. 450 కిలోల గుర్రమైతే 1,100 కిలోల పైమాటే. గిట్టకు పైనుండే కీలు ఆ బరువుకు నేలను తాకేంత కిందికి దిగి లేస్తుంది. ఈ దిగడాన్ని పావు అంగుళం రబ్బరు, రెండు పట్టీలు ఆపుతాయని నమ్మేవాడు, కూలుతున్న పందిరికి పూలదండ కట్టి నిలబెడతాడు. బూటు దెబ్బను కాస్తుంది. భారాన్ని మోయదు. తగ్గింపు ధరకు కొన్నా మోయదు.

కట్టుదాని కన్న ఘనమగు విప్పుట. కట్టడం కంటే విప్పడం గొప్ప. వేదాంతులు ఇక్కడ మోక్షపరంగా అర్థం చెప్పి లేచిపోతారు. మనకు అశ్వశాల సంగతి కావాలి. బూటు లోపల ఇసుక చేరితే స్వారీ అంతసేపూ గరుకు కాగితంలా రుద్దుతుంది. తడిస్తే బరువెక్కుతుంది. వదులైతే జారి గిట్ట కింద పడి గుర్రాన్ని బోర్లా వేస్తుంది. గుడ్డకట్టు ఒకచోట బిగిసి ఒకచోట వదులైతే ఆ బిగిసినచోట టెండాను వాస్తుంది. దెబ్బ తగలకుండా కట్టిన కట్టే దెబ్బయి కూర్చుంటుంది. ఆ బడిలో ఒకరోజు ఎవరో విప్పడం మరిచి వెళ్లిపోయారు. సాయంత్రం తీస్తే రోమాలు రాలి, కాలు వేయించిన వేరుశనగలా వెచ్చగా ఉంది. పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. పైపు పట్టి అరగంట నీళ్లు పోశాడు.

తడిమి చూడవోయి. భారతంలో విరాటుడి కొలువున గుర్రాలు చూసుకున్న నకులుడు తెలుగులో పెట్టుకున్న పేరు దామగ్రంథి. దామం తాడు, గ్రంథి ముడి. తాడు, ముడి రెండూ తెలిసినవాడు అని కాబోలు. సాయిసు పెద్దాయన కూడా అంతే. కళ్లు మూసుకుని మోకాలి కింద నుంచి గిట్ట దాకా అరచేయి దించుతాడు. నాలుగు కాళ్లకూ నాలుగుసార్లు. నిన్న చల్లగా ఉన్నచోట ఇవాళ వెచ్చన తగిలిందా, తాడు పక్కన లేని ఉబ్బు వచ్చిందా, అక్కడికి వెళ్లేసరికి గుర్రం చెవి వెనక్కి పెట్టిందా. నెల రోజులు కంచె దగ్గర నిలబడి చూశాక నాకు తోచిందొకటి చెబుతాను. కోచ్ గారి బూటు చేసిన అసలు మేలు ఏమిటంటే, దాన్ని కట్టడానికీ విప్పడానికీ ఎవరో ఒకరు రోజుకు రెండుసార్లు వంగి ఆ కాలు పట్టుకోక తప్పదు. బూటు వద్దనే పెద్దాయన అదే కాలు బూటు లేకుండానే పట్టుకుంటాడు. పట్టుకోనివాడి చేతిలో బూటున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తండ్రి సాయి. సాయిసు అనవలసి ఉండగా చివరి ‘సు’ను సూర్యగణం మింగేసింది. షిర్డీ సాయినాథుణ్ణి ఉద్దేశించి అన్నదని స్వారీబడి వాచ్‌మన్ పాఠం. గురువారం నాడు గోడకు దండ కూడా వేశాడు. నేను ఖండించలేదు.

తాత్పర్యం

కాళ్లు కొట్టుకునే గుర్రానికి బూటు కట్టవలెను, లేనిచో అక్కరలేదు, కట్టినచో విప్పవలెను.

కవినిర్ణయం

అక్షరాల వాటం చూసి పెద్దాయనే కవి అని నేను నిర్ధారించి, శాలువా కొని తీసుకెళ్లాను. ఆయన పద్యం వైపు చూసి నవ్వి, “నాది బిహార్ సాబ్. మీ అక్షరాలు నాకు చదవనీకి రాదు” అన్నాడు. శాలువా గుర్రం మీద కప్పాడు. కవి ఎవరన్నది అలాగే ఉండిపోయింది. కోచ్ గారి చేతివేళ్లకు సుద్ద అంటుకుని ఉండటం నేను చూశాను గానీ, పక్షం మార్చినవాడి పేరు బయటపెట్టడం సభ్యత కాదు.

గద్యము

ఇది కొల్చారపుసీమాసంజాత, కంచెమాత్రాశ్రిత, ఏనాడూ గుర్రమెక్కని, మనవరాలి ఆజ్ఞపై లావెండర్ బూటొకటి స్వహస్తంతో తొడగబోయి, పట్టీలు వెలుపలి వైపున వెనక్కి తిరిగి ఉండవలెనని ఇంత వ్యాఖ్య రాశాకనూ ఎరుగక, ఎడమ కాలిది కుడి కాలికి పెట్టి, గుర్రముచేత మెడపై మెల్లగా ఊపిరి వదిలించుకున్న వ్యాఖ్యాతచే విరచితమైన అశ్వబూటీయ వ్యాఖ్యయందు సర్వమును ఏకాశ్వాసము.