నేను నోరెపినెఫ్రిన్‌ని

నేనొక చిన్న అణువుని. మీరు తినే పప్పులోనూ పెరుగులోనూ ఉండే టైరోసిన్ నాకు మూలం. అది డోపాగా, డోపా డోపమైన్‌గా మారాక, నాడి కొసన ఉండే బుడగల్లో నేను తయారవుతాను. సహానుభూత నాడులు కబురు పంపేది నాతోనేనని 1946లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ కనిపెట్టాడు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది.

పడుకున్నవారు లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్లకేసి దిగిపోతుంది. మెడ ధమనిలోని పీడన గ్రాహకాలు అది పసిగట్టి మెదడు కాండానికి తెలుపుతాయి. వెంటనే నేను బుడగల్లోంచి బయటపడి సన్నని ధమనుల గోడల మీది ఆల్ఫా గ్రాహకాలను పట్టుకుంటాను. అక్కడి కండరంలో కాల్షియం పెరిగి ధమని బిగుసుకుంటుంది. గుండె మీది బీటా గ్రాహకాలను తాకితే గుండె వేగం పుంజుకుంటుంది. లేచిన మనిషి కళ్లు తిరిగి పడిపోకుండా నిలబెట్టడమే నా పని. అది కాగానే నన్ను వదిలిన నాడి కొసే చాలావరకు నన్ను తిరిగి లోపలికి లాక్కుంటుంది.

తెరిపి లేకుండా పిలుపులొస్తేనే కష్టం. ఊబకాయం ఉన్నా, గురక మధ్య ఊపిరి ఆగిపోతున్నా రాత్రిళ్లు కూడా నాకు పనే. ధమని వ్యాసం 16 శాతం తగ్గితే చాలు, రక్తప్రవాహానికి అడ్డు రెట్టింపవుతుంది. మూత్రపిండాల్లో నేను రెనిన్‌ను విడుదల చేయిస్తే ఉప్పు, నీరు ఒంట్లోనే ఉండిపోతాయి. కొన్నాళ్లకు మెడలోని గ్రాహకాలు ఆ పెరిగిన పీడనానికే అలవాటుపడతాయి. మనిషికి ఏ బాధా తెలియదు, బీపీ మాత్రం దిగదు.

నన్ను అదుపు చేసే దారి మన నేల మీదే ఒకటి దొరికింది. సర్పగంధి బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. ఆ మొక్క వేరు నుంచి తీసిన రిసర్పిన్ నన్ను బుడగల్లో నిల్వ ఉండనివ్వదు. 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం తెచ్చిన ప్రొప్రనొలాల్ దారి వేరు. అది బీటా గ్రాహకాల్లో నా చోట కూర్చుంటుంది.

అలాంటి బీటా బ్లాకర్ వాడేవారికి నాదొక మనవి. మందు నన్ను ఆపుతున్నన్నాళ్లూ ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. ఉన్నట్టుండి మానేస్తే అవన్నీ ఒకేసారి నాకు అందుబాటులోకి వస్తాయి. గుండెదడ రావచ్చు, బీపీ ఎగబాకవచ్చు, గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటే రావచ్చు. బీపీ మామూలుకొచ్చిందని మీ అంతట మీరు మాత్ర మానకండి. ఆపాల్సి వస్తే డాక్టరు గారే మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు.