‘కప్పు కొనుక్కున్నారు’ అను వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం మూడు గంటల ఆటకు ముందూ వెనుకా, స్టేడియం చుట్టుపక్కల పబ్బుల్లోనూ తిరుగు ప్రయాణపు రైలుపెట్టెల్లోనూ ఫుట్‌బాల్ అభిమానులు ఒకరికొకరు వినిపించుకొనే వాక్యాలలో మిక్కిలి ప్రసిద్ధమైన దానిని ఇక్కడ వ్యాఖ్యానానికి స్వీకరించడమైనది. దీని కర్త ఎవరో తెలియదు. ప్రతి ఊరివారూ తమ తాతలే మొదట అన్నారని చెప్పుకోవడం వల్ల అపౌరుషేయమని, అనగా ఏ ఒక్క మనిషీ రచించనిదని, ఎంచడం మేలు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన కొలచల మల్లినాథసూరి మెదకు సీమవాడు కనుక ఆ నియమాన్ని తెలుగు వ్యాఖ్యాతలు పాటించడం న్యాయమే గాని, ఈ మూలంలో ఉన్నదానికంటె దాచినది ఎక్కువ కావడం చేత ఆ నియమం ఇక్కడ సాగదు.

మూలం

“వాళ్లు కప్పు గెలవలేదు, కొనుక్కున్నారు. డబ్బున్న మారాజొకడు దిగి ఆటనే పాడుచేశాడు. మా రోజుల్లో ఇట్లా ఉండేది కాదు.”

ప్రతిపదార్థం

వాళ్లు = వక్త అభిమానించే జట్టు కాక, ఈమధ్య పాయింట్ల పట్టికలో దానికంటె పైకెక్కిన జట్టువారు; కప్పు = కప్పు గాని, ఇరవై జట్లు తమలో తాము రెండేసిసార్లు తలపడగా ముప్పైఎనిమిది ఆటల చివర అందరికంటె ఎక్కువ పాయింట్లున్న జట్టుకు దక్కే ప్రీమియర్ లీగు గాని (ఒకటి చెప్పి దానివంటి వాటినన్నింటినీ గ్రహింపజేసే ఉపలక్షణం ఇది); గెలవలేదు = గెలిచారు, కాని వక్తకు మింగుడుపడలేదు; కొనుక్కున్నారు = ఆటగాళ్లను కొన్నారు (కప్పు అంగట్లో దొరకదు కనుక ముఖ్యార్థం పొసగక, దానికి సంబంధించిన మరో అర్థాన్ని లక్షణ చేత తీసుకోవాలి); డబ్బున్న మారాజు = నూనెబావులో, ఉక్కో, కోడిపిల్లలో, విమానాశ్రయాల్లోని దుకాణాలో, ఏదైనా ఆటతో పొత్తులేని వ్యాపారంలో గడించిన సొమ్ముతో క్లబ్బును కొన్నవాడు; దిగి = వాటాల కాగితాల మీద సంతకం పెట్టి; ఆటనే = తన జట్టు ఓటమి అని చెప్పుకోవడానికి నామోషీ కనుక, యావత్తు ఆటనే; పాడుచేశాడు = వక్త జట్టుకు రావలసిన చోటు రాకుండా చేశాడు; మా రోజుల్లో = వక్తకు పన్నెండేళ్ల వయసున్నప్పుడు; ఇట్లా ఉండేది కాదు = ఇట్లాగే ఉండేది.

కాలనిర్ణయం

చివరి పదానికి చెప్పిన అర్థం విపరీతంగా తోచవచ్చును గనుక దానిని సమర్థించవలసి ఉన్నది. నేటి వక్త ‘మా రోజులు’ అన్నప్పుడు అబూధాబీ షేక్ మన్సూర్ మాంచెస్టర్ సిటీని కొన్న 2008కి ముందటి కాలాన్ని ఉద్దేశిస్తాడు; అయితే అంతకు ఐదేళ్ల ముందే, 2003లో, రష్యా కోటీశ్వరుడు రోమన్ అబ్రమోవిచ్ చెల్సీని కొనడమూ, ఆ క్లబ్బు యాభై ఏళ్ల తరువాత 2005లో లీగు గెలవడమూ జరిగినందువల్ల ఆ కాలపు వక్తలు ఇదే వాక్యాన్ని ఇదే స్వరంతో పలికి ఉన్నారు. ఇంకా వెనక్కి పోతే 1905 ఫిబ్రవరిలో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడిని సండర్లండు నుంచి మిడిల్స్‌బరో వెయ్యి పౌండ్లకు కొన్నది. ఒక మనిషికి వెయ్యి పౌండ్లా అని దేశం ముక్కున వేలేసుకున్న సందర్భమది. కింది శ్రేణికి జారిపోయే ప్రమాదంలో ఉన్న మిడిల్స్‌బరో మాత్రం జారకుండా బయటపడింది. అంతకు ముందు 1884లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ తన ఆటగాళ్లకు చాటుగా డబ్బు ఇస్తున్నదని దానితో తలపడిన లండను జట్టు ఫిర్యాదు చేయగా, ఆ క్లబ్బు నిర్వాహకుడు విలియం సడెల్ అవును ఇస్తున్నామని ఒప్పుకోవడంతో గొడవ ముదిరి, 1885లో ఆటగాళ్లకు జీతమివ్వడం శాస్త్రసమ్మతమైంది.

అన్నిటికంటె ప్రాచీనమైన ప్రమాణం 1883 నాటిది. ఆ ఏడు ఎఫ్.ఎ. కప్పు తుదిపోరులో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను, అనగా ఈటన్ అనే దొరబిడ్డల బడిలో చదివి పెద్దవాళ్లైనవారి జట్టును, అదనపు సమయంలో 2–1తో ఓడించింది. గెలిచిన జట్టులో నేతపనివారూ ఇనుముపనివారూ ఉన్నారు. సిడ్నీ యేట్స్ అనే ఇనుప కార్ఖానా యజమాని డబ్బు పెట్టి, ఆటకు ముందు వారిని బ్లాక్‌పూల్ సముద్రతీరానికి పంపి సాధన చేయించాడు. కూలివాళ్లు పని మానుకొని సముద్రపు గాలి పీలుస్తూ ఆట నేర్చుకోవడం క్రీడాధర్మానికి విరుద్ధమని అప్పటి పెద్దమనుషులు కోపించారు. తాతముత్తాతల ఆస్తి మీద జీవిస్తూ రోజంతా తీరిక ఉన్నవాడు సాధన చేస్తే అది శుద్ధమైన క్రీడ అనీ, కార్ఖానా యజమాని ఇచ్చిన తీరికతో మగ్గపువాడు సాధన చేస్తే అది కొనుగోలు అనీ వారి సిద్ధాంతం. ఈ మూలవాక్యాన్ని మొదట పలికినవారు పేదవారు కారని దీనివల్ల తేలుతున్నది.

బ్లాక్‌బర్న్ వ్యాఖ్య

అదే ఊళ్లోని మరో క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్ ఈ వాక్యానికి అన్ని విధాలా లక్ష్యభూతం కావడం చేత దాని దగ్గర కొంత నిలవాలి. లక్ష పైచిలుకు జనం ఉన్న ఆ నేతమిల్లుల పట్టణంలో పుట్టి, ఉక్కు వ్యాపారంలో గడించి జెర్సీ దీవిలో స్థిరపడిన జాక్ వాకర్ 1991లో క్లబ్బు పగ్గాలు చేపట్టాడు. అప్పటికి జట్టు రెండో శ్రేణిలో ఉన్నది. మరుసటి ఏడు పైకి రాగానే ఆలన్ షియరర్‌ను 33 లక్షల పౌండ్లకు, 1994లో క్రిస్ సటన్‌ను 50 లక్షల పౌండ్లకు కొని రెండుసార్లూ దేశంలో రికార్డు నెలకొల్పారు. 1995 మే 14న లివర్‌పూల్ మైదానంలో ఆఖరి నిమిషపు గోలుతో 2–1 తేడాగా ఓడిపోయి తలలు పట్టుకొన్న క్షణంలోనే, లండనులో వెస్ట్‌హామ్ మీద మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేక 1–1తో ఆగిందన్న కబురు అందింది. 89 పాయింట్ల బ్లాక్‌బర్న్ 88 పాయింట్ల యునైటెడ్‌ను దాటి 1914 తరువాత మొదటిసారి ఛాంపియన్ అయింది. కొనుక్కున్న కప్పు ఓడిపోయిన రోజున చేతికి రావడం విరోధాభాసం. అనగా పైకి విరుద్ధంగా తోచి లోపల పొసగే అలంకారం.

వాకర్ 2000లో మరణించాడు. ఆయన విగ్రహం క్లబ్బు మైదానమైన యూవుడ్ పార్కులో ఉన్నది, ఒక స్టాండుకు ఆయన పేరే ఉన్నది. ఆ పట్టణంలో ఆయనను ‘ఆటను పాడుచేసిన మారాజు’ అని అనగలవాడు లేడు. ఆపైన 2010 నవంబరులో సుమారు రెండు కోట్ల ముప్పై లక్షల పౌండ్లకు క్లబ్బును పుణెకు చెందిన వెంకటేశ్వర హ్యాచరీస్ వారి వెంకీస్ సంస్థ కొన్నది. ఈ సంస్థను స్థాపించిన డాక్టర్ బి.వి. రావు తెలుగువాడు. తెలుగు పత్రికలు రోజూ అచ్చువేసే కోడిగుడ్డు ధరను నిర్ణయించే నెక్ అనే సమన్వయ సంఘం 1982లో ఏర్పడటానికి ఆయనే కారకుడు. కనుక లంకషైర్‌లోని ఒక ఫుట్‌బాల్ మైదానపు మంచిచెడులు తెలుగు పాఠకునికి బొత్తిగా పరాయివి కావు. కొత్త యజమానులు వచ్చిన నెలలోపే మేనేజరును, అనగా జట్టు కూర్పూ వ్యూహమూ చూసే గురువును, తీసివేశారు. ఆటగాళ్లు దుస్తులు మార్చుకొనే గదిలో కూర్చుని కోడికాళ్లు కొరుకుతున్న ప్రకటన ఒకటి తీశారు. 2012 మేలో విగన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగు నుంచి జారిపోయిన రాత్రి, అభిమానులు క్లబ్బు జెండా కప్పిన ఒక బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. ఆట నడుస్తుండగా అది గోలు దగ్గర తిరగడమూ, చివరికి దానిని పట్టి తీసుకుపోవడమూ లోకమంతా చూసింది. 2017లో క్లబ్బు మూడో శ్రేణికి దిగింది. ప్రీమియర్ లీగు గెలిచిన క్లబ్బుకు ఆ గతి పట్టడం అదే మొదలు. అయినా న్యాయంగా చెప్పాలంటే ఆ యజమానులు ఏటేటా నష్టాలను భరిస్తూ క్లబ్బును నడిపించారు, మరుసటి ఏడే అది తిరిగి పైకెక్కింది.

ఇక్కడ గ్రహించవలసినది ఒకటున్నది. ఒకే ఊరు, ఒకే క్లబ్బు, ఇద్దరు ధనికులు. ఒకరికి విగ్రహం, మరొకరికి కోడి. వాకర్ డబ్బును తప్పుపట్టని నోళ్లే వెంకీస్ డబ్బును తప్పుపట్టడానికి కారణం డబ్బు రావడం కాదు, దానికి దారి తెలియకపోవడం.

పాఠాంతరాలు

మాంచెస్టరులోని ఎర్ర శాఖవారు, అనగా యునైటెడ్ అభిమానులు, మూలంలోని ‘వాళ్లు’కు నీలి శాఖవారైన సిటీ అని మాత్రమే అర్థం చెప్పి, తమ విజయాలన్నీ స్వార్జితమంటారు. నీలి శాఖ చివరిసారిగా 1976లో కప్పు గెలిచిన తరువాత ఎన్నేళ్లు గడిచాయో లెక్కచెప్పే పటాన్ని తమ మైదానంలో వేలాడదీసి ఏటా అంకె మార్చుకుంటూ వచ్చినవారు వీరే. 2011లో సిటీ ఎఫ్.ఎ. కప్పు గెలవడంతో దానిని దింపుకోవలసి వచ్చింది. అయితే 1902లో న్యూటన్ హీత్ అనే పేరుతో దివాలా అంచున ఉన్న తమ క్లబ్బును ఆదుకొని, మాంచెస్టర్ యునైటెడ్ అని పేరు మార్చి, తరువాత ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం కట్టించినవాడు జాన్ హెన్రీ డేవిస్ అనే సారా బట్టీల, కచ్చితంగా చెప్పాలంటే బీరు తయారీ, యజమాని అన్న సంగతిని వీరు ప్రక్షిప్తమని, అనగా ఎవరో మధ్యలో చేర్చినదని, తోసిపుచ్చుతారు. ఎదురింటివారు పుచ్చుకుంటే కట్నం, మనవారు పుచ్చుకుంటే లాంఛనం అయినట్టు, కాలం గడిచిన డబ్బు చరిత్ర అనిపించుకుంటుంది. ఇదే శాఖవారికి 2005 నుంచి మరో దుఃఖమున్నది: అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం అప్పుచేసి క్లబ్బును కొని ఆ అప్పును క్లబ్బు నెత్తినే పెట్టింది. పక్కవారి యజమాని డబ్బు పోస్తున్నాడని ఒక కంటా, తమ యజమాని తోడుకుంటున్నాడని మరో కంటా ఏడ్చే స్థితి ఏ అలంకారశాస్త్రంలోనూ వర్ణింపబడలేదు.

నీలి శాఖ పాఠం వేరు. 1999లో మూడో శ్రేణి నుంచి పైకి రావడానికి జరిగిన పోరులో గిల్లింగ్‌హామ్ మీద 89వ నిమిషం దాకా రెండు గోల్స్ వెనుకబడి, చివరి క్షణాల్లో సమం చేసి పెనాల్టీలలో గట్టెక్కిన రోజున వెంబ్లీలో ఉన్నవాడికి, 2012లో ఆఖరి ఆట చివరి నిమిషాల్లో సెర్హియో అగ్వేరో కొట్టిన గోలు అంగట్లో కొన్న వస్తువుగా ఎట్లా తోస్తుంది? ముప్పైమూడు సంచారీభావాలలో నిర్వేదాన్ని ముప్పై ఏళ్లకు పైగా అనుభవించినవాడు గర్వానికి అర్హుడనే వీరి వాదాన్ని కొట్టివేయడం కష్టం. 2023 ఫిబ్రవరిలో లీగు తమ క్లబ్బు మీద వందకు పైగా ఆర్థిక నియమోల్లంఘన అభియోగాలు మోపిందనీ, క్లబ్బు వాటిని నిరాకరించిందనీ చెప్పే భాగం వచ్చినప్పుడు మాత్రం వీరు పుట తిప్పుతారు.

పూర్వపక్షం

డబ్బు పోస్తే గెలుపు తప్పదు కనుక ఆట పాడైనట్టేనని పూర్వపక్షం, అనగా పరీక్షకు ముందు నిలబెట్టే ఎదుటివాదం. ఇది అనైకాంతికం, అనగా హేతువున్నా ఫలం తప్పనిసరి కాని దోషంతో కూడినది. ఎవర్టన్ అప్పటి యజమాని ఫర్హాద్ మొషీరీ 2016 నుంచి కోట్ల పౌండ్లు గుమ్మరించినా ఒక్క కప్పు రాకపోగా, మూడేళ్లలో పదిన్నర కోట్ల పౌండ్లకు మించి నష్టపోరాదన్న అప్పటి లీగు నియమాన్ని దాటినందుకు 2023లో పది పాయింట్లు కోత పడి, అప్పీలు మీద ఆరుకు తగ్గింది. సంపాదించినంతలోనే ఖర్చుపెట్టాలన్నది ఆ నియమపు సారాంశం గనుక, ఇప్పటికే ఎక్కువ సంపాదించే పాత పెద్దలకు అది కోట అవుతుందని చిన్న క్లబ్బులవారి మాట; అందులో నిజం లేకపోలేదు.

లెస్టర్ 2016లో 5000కు ఒకటి పందెపు ధర మీద లీగు గెలవడాన్ని డబ్బులేని విజయంగా ఉదహరిస్తారు గాని, ఆ క్లబ్బు అప్పటి యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ థాయిలాండ్ విమానాశ్రయ దుకాణాల సంపన్నుడు. తన పుట్టినరోజుకు స్టేడియం అంతటికీ బీరూ డోనట్లూ పంచినవాడు. క్లబ్బులో సగానికి మించిన ఓటుహక్కు సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమమున్న జర్మనీలో బయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా వరుసగా పదకొండుసార్లు గెలిచింది. ఆ వరుసను 2024లో తెంచిన లెవర్‌కూసెన్, ఆ నియమం నుంచి మినహాయింపు పొందిన మందుల కంపెనీ క్లబ్బు.

తాత్పర్యం

కొనడం అందరూ చేసినదే. వాళ్లు కొనడమే తప్పు అని వాక్యభావం. దాని అడుగున వక్త గుర్తించని భయం ఒకటున్నది: ఒక ఊరి నూటముప్పై ఏళ్ల మమకారం ఒక్క మనిషి జేబుకు తగిలించి ఉండటం. 1885లో పుట్టిన బరీ క్లబ్బు, దాని యజమాని తన దగ్గర సరిపడా సొమ్మున్నదని రుజువు చూపలేకపోవడంతో 2019 ఆగస్టులో లీగు నుంచి బహిష్కృతమైంది. పాడుచేసే మారాజు కోసం ఆ ఊరివారు ఎంత ఎదురుచూశారో!

విశేషం: సొమ్ము ఎక్కడిదన్న విషయంలో మూలం మౌనం వహించడం పెద్ద లోపం. ఉక్కు అమ్మినవాని డబ్బూ, అసమ్మతిని జైళ్లలో కుక్కే ప్రభుత్వపు డబ్బూ వక్తకు ఒకటే అయి, రెంటినీ పట్టికలోని స్థానంతోనే కొలుస్తున్నాడు. ఆటతో అపకీర్తిని కడుక్కునే ప్రయత్నమని మానవహక్కుల సంఘాలు చెప్పేది ఈ కొలతకు అందదు.

ఫలశ్రుతి

ఈ వాక్యాన్ని ప్రతి శనివారం శ్రద్ధతో పఠించేవారికి ఓటమినాటి తాపం ఆదివారానికి శమిస్తుంది. సొంత జట్టుకు మారాజు దొరికిననాడు పఠనవిధి నుంచి విముక్తి కలుగుతుంది. 2021 అక్టోబరులో సౌదీ ప్రభుత్వ నిధి క్లబ్బును కొన్నప్పుడు న్యూకాజిల్ వీధుల్లో కొందరు తలకు వంటింటి తువ్వాళ్లు చుట్టుకొని ఈ విముక్తిని పొందారు, 2025లో లీగు కప్పు గెలిచి డెబ్బై ఏళ్ల దేశీయ కప్పుల కరవు తీర్చుకున్నారు. వారు వదిలిన పఠనాన్ని పొరుగూరు సండర్లండువారు అందిపుచ్చుకొని దీక్షగా సాగిస్తున్నారు. ఆటగాళ్ల మీద వెదజల్లిన సొమ్మును చూసి 1950లలో జనం ‘బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ క్లబ్బు’ అని పేరుపెట్టినది సండర్లండుకే.