గీజరు రోగనిదానం

స్నానాల గది గోడకు వేలాడే గీజరు పనిచేయడం మానినప్పుడు తెలుగు గృహాల్లో జరిగే విచారణ రెండు సంప్రదాయాలుగా సాగుతుంది. లోపం యంత్రంలో ఉందని భావించి టెస్టరు కోసం సొరుగులన్నీ వెతికేది మొదటిది, లోపం మనుషుల్లోనే ఉందని ముందుగా తీర్మానించుకొని తమకన్నా ముందు స్నానం చేసిందెవరో ఆరా తీసేది రెండవది. అనుభవజ్ఞులైన గృహస్థులు రెండవదానినే ఆశ్రయిస్తారు, దానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు గనుక. ఈ సంప్రదాయాన్ని బొత్తిగా తోసిపుచ్చడానికీ వీల్లేదు. 15 లీటర్ల గీజరు 60 డిగ్రీల దాకా కాచిన నీటిని చలికాలపు 20 డిగ్రీల కుళాయి నీటితో కలిపి ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తెస్తే వచ్చేది 30 లీటర్లు, అంటే ఓ మోస్తరు బకెట్లు రెండు. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత ఇక్కడ అక్షరాలా, లీటరుకు లీటరుగా నిజమవుతుంది. కుంకుడుకాయల పులుసుతో తలంటుకున్నవారు ఈ రెండు బకెట్లనూ నురగ వదిలించుకోవడానికే ఖర్చు చేస్తే, 2,000 వాట్ల గీజరు మళ్లీ అంత నీరు కాచడానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది. ఆ వ్యవధిలో తలుపు తట్టేవారు యంత్రాన్ని నిందించడం అన్యాయమే.

గీజరుకు పూర్వరూపమైన రాగి బాయిలరు ఇంత చర్చకు తావిచ్చేది కాదు. పెరట్లో నిలిచే ఆ పాత్రకు నడుమ ఒక గొట్టం, అడుగున నిప్పులు నిలిచే జాలీ ఉండేవి. పైనుంచి బొగ్గులో కొబ్బరి చిప్పలో వేస్తే గొట్టం చుట్టూ ఉన్న నీరు కాగేది. గరాటు ఉన్న బాయిలర్లలో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు చేరి, తేలికై పైకి చేరిన వేన్నీళ్లను అంతే పరిమాణంలో బయటికి నెట్టేవి. నేటి గీజరు సూత్రమూ అక్షరాలా ఇదే గనుక, వేడినీటి కుళాయి తిప్పినప్పుడు నీటిని బయటికి పంపేది గీజరు కాదు, వెనకనుంచి తోసుకొచ్చే చన్నీరు. ఈ సంగతి గ్రహించనివారు మేడమీది ట్యాంకు ఖాళీ అయిన రోజున, నిండా వేన్నీళ్లున్న గీజరును పట్టుకొని చెడిపోయిందంటారు. పది మీటర్ల ఎత్తులోని నీరు సుమారు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. ట్యాంకుకు సరిగ్గా కిందనున్న పై అంతస్తువారికి అందులో అయిదోవంతు కూడా అందకపోవచ్చు, కాబట్టి వారి షవరు నుంచి జారే సన్నటి ధారకు మెకానిక్ చేయగలిగింది స్వల్పం. ప్లంబరు చల్లగొట్టాన్ని, వేడిగొట్టాన్ని తారుమారు చేసి బిగించిన ఇళ్లలో మాత్రం నీరు ధారాళంగానే వస్తుంది. వేడిగా రాదు, అంతే.

అసలు రోగాల్లో సింహభాగం నీటినుంచే పుడుతుంది. రాతిపొరల గుండా వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. సబ్బుకు నురగ రానీయని ఈ గుణాన్నే కఠినత్వం అంటారు. తాగునీటికి సంబంధించిన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వాన్ని ఆమోదిస్తూ, వేరే దిక్కు లేనిచోట 600 దాకా సహించమంటుంది. గీజరు అభిప్రాయాన్ని ఎవరూ అడిగినట్లు లేదు. నీరు వేడెక్కినప్పుడు బైకార్బొనేటు విడిపోయి కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్నచోటునే పట్టుకుంటుంది. ఆ చోటు జనం కాయిల్ అని పిలిచే ఎలిమెంటు. నిజానికి అసలు కాయిల్, అంటే నైక్రోమ్ తీగ, ఒక లోహపు గొట్టం లోపల మెగ్నీషియం ఆక్సైడు పొడిలో పూడ్చి ఉంటుంది, నీటికి తగిలేది పైగొట్టం మాత్రమే. బోరు నీరు తాగిన ఎలిమెంటును విప్పి బయటికి తీస్తే గొట్టం కనబడదు. మడతల మధ్య సందులు కూడా పూడిపోయేలా బూడిదతెలుపు, మట్టిరంగు కలిసిన గరుకు పెచ్చులు కనిపిస్తాయి, స్క్రూడ్రైవరు పిడితో తడితే కొన్ని రాలి తక్కినవి మొండికేస్తాయి. ఈ పొర వేడిని నీటికి అందనీయదు గనుక నీరు ఆలస్యంగా కాగుతుంది. పొర కింద చిక్కుకున్న నీరు ఆవిరై గురగురలాడుతుంది. చివరికి లోపలే కుమిలిన గొట్టం పగిలి నీరు పొడిలోకి దిగుతుంది. గురగుర వినిపించిన దశలోనే ఎలిమెంటును తీయించి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టిస్తే చాలావరకు వదులుతుంది. బామ్మలు రాగి బాయిలరును చింతపండుతో తోమినప్పుడూ మకిలిని కరిగించింది ఆమ్లమే. అయితే ఆ బాయిలరు నలుగురి కంట పడేది గనుక పండుగకు ముందు తోమకపోతే పరువు పోయేది, గీజరు లోపలికి తొంగిచూసే చుట్టాలు ఇంకా పుట్టలేదు.

గీజరు లోపలి ట్యాంకులోనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తుప్పు ట్యాంకును తాకకుండా ముందు తానే కరిగిపోవడం దాని ఉద్యోగం. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి మాదిరిగా అది ఉన్నన్నాళ్లు దాని ఊసెత్తేవారు లేరు, అది పూర్తిగా అరిగాక ట్యాంకు కారడం మొదలైన రోజున మెకానిక్ నోట ఆ పేరు తొలిసారి వినిపిస్తుంది. వేన్నీళ్లు కుళ్లిన గుడ్ల వాసన వేస్తే, నీటిలోని సల్ఫేటును ఒక జాతి బాక్టీరియా ఈ కడ్డీ సాయంతో హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తోందని అర్థం. ఇళ్లలో ఈ నేరం సాధారణంగా డ్రైనేజీ మీద పడుతుంది.

విద్యుత్తు విషయంలో హాస్యానికి కొంత హద్దు అవసరం. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక దానికి 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. చిన్న సాకెట్టుకు అడాప్టరు తగిలించిన ఇళ్లలో పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక గాని ఈ తేడా తెలియదు. ఎంసీబీ అనేది కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి. ఆర్‌సీసీబీ అనేది వెళ్లిన కరెంటు పూర్తిగా తిరిగిరాకపోతే, ఇళ్లలో సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల తేడాకే, పడిపోయేది. గీజరు వేయగానే రెండవది పడిందంటే కరెంటు ఎక్కడో లీకవుతున్నదని అర్థం, ఆ అనుమానం మొదట పగిలిన ఎలిమెంటు మీదికే పోవాలి. అయినా మాటిమాటికీ పడుతున్నదన్న నెపంతో ఆర్‌సీసీబీనే తీయించి, రోగం కుదిరిందని సంతోషించే వైద్యం వాడుకలో ఉంది. కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతున్నదని చెక్కపీట మీద నిలబడి స్నానం చేసే శాఖ కూడా ఉంది. ఎర్తింగు సరిచూడడానికి అయ్యే శ్రమ ఈ విన్యాసంకన్నా తక్కువ.

నీరు కాగితే వ్యాకోచిస్తుంది. 15 లీటర్లకు ఆ పెరుగుదల దాదాపు ఒక గ్లాసు. ఆ గ్లాసెడు నీరు వెనక్కి పోయే దారి లేనిచోట సేఫ్టీ వాల్వు చుక్కలుగా వదలడం లోపం కాదు, దాని ధర్మం. ఆ చుక్కలు చూసి వాల్వుకు ఎం-సీల్ పూసేవారు గోడమీద ఒత్తిడి నిండిన పాత్రను పెంచుతున్నట్లు లెక్క. గ్యాస్ గీజరు సంగతి వేరు: అది వెలగకపోతే సాధారణంగా బ్యాటరీలు మార్చితే చాలు, కాని గాలి ఆడని స్నానాల గదిలో అది వెలగడమే పెద్ద ప్రమాదం, ఎందుకంటే అందులో పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు; దానిని గది బయట అమర్చడం తప్ప వేరే చిట్కా లేదు.

ఎలిమెంటు బాగున్నా నీరు చల్లగానే ఉంటే, వేడి మితిమీరినప్పుడు కరెంటు తెంచే కటౌటు పడి ఉండవచ్చు; చాలా గీజర్లలో మూత లోపల ఉండే దాని చిన్న బుడిపెను నొక్కితే తిరిగి ప్రాణం వస్తుంది. ఇది మళ్లీ మళ్లీ పడుతుంటే థర్మోస్టాటు, అంటే నీరు చాలినంత వేడెక్కగానే ఆపే మీట, పాడైనట్లు. ఈ పనికి మెయిన్ కట్టేసి మూత తీయాలి గనుక మెకానిక్ రావాలి, ధనుర్మాసంలో అతడు దొరకడం దైవాధీనం. వచ్చీరాగానే అతడు వేసే ప్రశ్న మాత్రం ఏ ఇంట్లోనైనా ఒకటే: "ఇంతకుముందు ఎవరైనా విప్పారాండీ?" ఇంటాయన లేదండీ అంటాడు, మూతకున్న నాలుగు స్క్రూలలో రెండింటి తలలు అరిగిపోయి, మూడవ దానికి బదులు మేకు ఉండి, నాలుగవది అసలే లేకపోయినా, మెకానిక్ మారుమాట్లాడకుండా ఆ సమాధానాన్ని బిల్లులో కలుపుకుంటాడు.