గడప దాటని మరమనిషి

మా తోడల్లుడి ఇంట్లో దీపాలకు స్విచ్చులున్నాయి కానీ, వాటిని ముట్టుకోవడం అతనికి నామోషీ. నోటితో చెప్పాలి. అదీ ఇంగ్లీషులో, ముక్కుతో పలుకుతూ చెప్పాలి. మా అత్తగారు "లైటెయ్యి నాయనా" అని బతిమాలితే ఆ మాట్లాడే డబ్బా ఏదో హిందీ పాట అందుకుంటుంది. అందుకని ఆవిడ కొండాపూర్‌లో పన్నెండో అంతస్తులో, అంత తెలివైన ఇంట్లో, తలగడ కింద టార్చిలైటు పెట్టుకుని పడుకుంటారు.

ఆ ఇంటికి పోయినేడాది సంక్రాంతికి రోబో వచ్చింది. అప్పడాల పీటంత ఉంది. నల్లగా, గుండ్రంగా, కింద చక్రాలతో. ఊడుస్తుంది, తడిగుడ్డ పెడుతుంది. రజనీకాంత్ సినిమా గౌరవార్థం దానికి చిట్టి అని పేరు పెట్టారు. "ఇంక చీపురుని సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసుకోవాల్సిందే అన్నయ్యా" అన్నాడు మా తోడల్లుడు, బారసాల నాటి తండ్రి మొహం పెట్టుకుని. దాని దారికి అడ్డం రాకూడదట. మేమంతా సోఫాల్లో కాళ్లు పైకి ముడుచుకుని, వరద చూడ్డానికి గట్టెక్కినవాళ్లలా కూర్చున్నాం.

బటన్ నొక్కిన నాలుగు నిమిషాల్లో చిట్టి, పూజగది ముందు మా మరదలు తెల్లవారుజామున లేచి పెట్టిన ఇరవై ఒక్క చుక్కల ముగ్గుని చుక్క మిగలకుండా ఆరగించింది. అక్కణ్ణుంచి హాల్లోని నల్ల తివాచీ అంచుదాకా వెళ్లి, గుండె జారిపోయినట్టు వెనక్కి తిరిగింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తిరిగింది. దాని పొట్టకింద కళ్లుంటాయి. అవి కంటికి కనపడని కాంతిని నేల మీదికి పంపుతాయి. కాంతి తిరిగొస్తే నేల ఉన్నట్టు, రాకపోతే మెట్లో గొయ్యో ఉన్నట్టు లెక్క. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది. అంచేత చిట్టి దృష్టిలో మా తోడల్లుడి హాలు మధ్యలో ఆరడుగుల అగాధం ఉంది. చివరికి అది పడగ్గది గడప దగ్గర సగం ఎక్కి, సగం దిగక, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది.

మామూలు రోజుల్లో జరిగేది ఇంకా ముచ్చటగా ఉంటుంది. చిట్టి చిక్కుకుంటే గచ్చిబౌలి ఆఫీసులో మీటింగులో ఉన్న మా తోడల్లుడి ఫోను కుయ్యిమంటుంది. అతను మాదాపూర్‌లో ఉన్న మా మరదలికి ఫోన్ చేస్తాడు. ఆమె మా అత్తగారికి చేస్తుంది. ఆవిడ మోకాళ్లు వంగవు కనుక ఇంటర్‌కమ్‌లో పక్క ఫ్లాటులో గిన్నెలు తోముతున్న పనామెను పిలుస్తారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, చిట్టిని తాబేలులా వెల్లకిలా తిప్పి, మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి, బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకల్నీ మల్లెపూల దారాన్నీ ఒక్కో పోగూ లాగుతుంది. "గీ దారం తీసుడు కంటే ఇల్లూడ్సుడే అల్కగుండెనమ్మా" అంటుంది. అనదూ మరి! ఇదివరకు ఇరవై నిమిషాల్లో ఇల్లంతా ఊడ్చేసేది. ఇప్పుడు చిట్టి పనిచేయడానికి వీలుగా ముందు కుర్చీలు బల్ల మీదికెత్తాలి, వైర్లు చుట్టాలి, చెప్పులు దాచాలి, తర్వాత దాని పొట్ట విప్పి దుమ్ము పారబోయాలి. చిట్టి వచ్చింది కదా అని ఆమె జీతంలో ఐదొందలు తగ్గించే ప్రతిపాదన కూడా ఆ ఇంట్లో ఒక వారం నడిచింది.

మా తోడల్లుణ్ణి ఒక్కణ్ణే అని లాభం లేదు. ముందు యంత్రం, వెనక మనిషి ఉండే ఈ తంతుకు రెండున్నర శతాబ్దాల సంప్రదాయం ఉంది. 1770లో వియన్నాలో మరియా థెరీసా దర్బారులో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని నిలబెట్టాడు. తలపాగా చుట్టిన తురుష్కుడి బొమ్మ, దాని ముందో పెద్ద పెట్టె. పెట్టె తలుపులు తెరిస్తే లోపలన్నీ పళ్లచక్రాలు. జనం నోళ్లు తెరిచారు. అది నెపోలియన్‌నీ ఓడించింది. పళ్లచక్రాల వెనకాల నక్కిన మనిషి మాత్రం కొవ్వొత్తి వెలుగులో, ఒళ్లు ముడుచుకుని, ఎత్తులు వేస్తూ చెమటలు కక్కాడు. ఆ కొవ్వొత్తి పొగ బయటపడి గుట్టు రట్టు కాకుండా బొమ్మ తలపాగాలోంచి పోయే ఏర్పాటు కూడా ఉండేది. 1854లో ఫిలడెల్ఫియాలో ఆ యంత్రం అగ్నికి ఆహుతైపోయింది. పెట్టెలో మనిషి మాత్రం చిరంజీవి.

2021లో ఎలాన్ మస్క్ తన మరమనిషిని ప్రకటిస్తే వేదిక మీదికొచ్చి గంతులేసింది ఎవరనుకున్నారు? రోబో తొడుగేసుకున్న మనిషి. అసలుది వచ్చే ఏడాది అన్నారు. 2024లో అసలువే వచ్చి అతిథులకు పానీయాలు పోశాయి, కబుర్లు చెప్పాయి. దూరం నుంచి వాటిని మనుషులు ఆడిస్తున్నారని తర్వాత తేలింది. 2025లో అమెరికాలో మరో కంపెనీ ఇంటిపని రోబోని 20,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దానికి చేతకాని పని వస్తే కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని, కళ్లకు అద్దాలు తగిలించుకుని, దాని కళ్లతో మీ ఇల్లు చూస్తూ దాని చేతులతో చేసిపెడతాడు. ఇంత సొమ్ము పోసి ఇంట్లో పరాయివాణ్ణి పెట్టుకుని, వాడి మొహం చూడక్కర్లేదని సంతోషించడాన్నే ప్రగతి అంటున్నాం.

ఈ సంగతి చెబితే మా తోడల్లుడు చెయ్యి విసిరాడు. "అదంతా ట్రైనింగ్ అన్నయ్యా. నేర్చుకుంటోంది. వచ్చే ఏడాదికి చూడు." నిజమే, నేర్చుకుంటోంది. ఎవరి దగ్గర? తువ్వాళ్లకూ దుప్పట్లకూ పేరుమోసిన తమిళనాడు కరూర్ ఊళ్లో కుర్రాళ్లు నుదుటికి కెమెరా కట్టుకుని పొద్దస్తమానం తువ్వాళ్లు మడతపెడుతున్నారు. ఆ వీడియోలు సముద్రాలు దాటి రోబోలకు పాఠాలవుతున్నాయి. మడత కుదరకపోతే మళ్లీ మొదటినుంచీ పెట్టాలి. చదరంగంలో కాస్పరోవ్‌ని 1997లోనే యంత్రం ఓడించింది కానీ, తువ్వాలు మడతపెట్టడం మాత్రం ఇంకా మనిషిని చూసి నేర్చుకోవాల్సొస్తోంది. మనిషికి కష్టమనిపించేది యంత్రానికి సులువు, ఏడాది పిల్లాడు చేసేది దానికి గగనం అని 1980లలోనే హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త చెప్పాడు. పనామె పనిని ‘చేతకానివాళ్లు చేసే పని’ అనుకునే మనకు ఆ మాట ఇంకా తలకెక్కలేదు.

అన్నట్టు రోబో అన్న మాట ఎక్కణ్ణుంచొచ్చిందో మా తోడల్లుడికి తెలియదు. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత నాటకం రాస్తూ, అన్నగారు అందించిన మాటను వాడాడు. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసే పని. దానికి నిఘంటువు అక్కర్లేదు, తెలంగాణ పల్లెలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. వెట్టి. ఈసారి చుట్టాల్ని పిలిచి "మా ఇంటికి వెట్టివాడొచ్చాడు, చూద్దురుగాని రండి" అనమన్నాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

మొహం ఉన్న రోబో అంటే మనకున్న మోజు అంతా ఇంతా కాదు. 2017 అక్టోబరులో సౌదీ అరేబియా సోఫియా అనే బొమ్మకు పౌరసత్వం ఇచ్చింది. అప్పటికింకా అక్కడి ఆడవాళ్లకు కారు నడిపే వీలే రాలేదు, మరుసటేడు జూన్ దాకా ఆగాల్సొచ్చింది. జగిత్యాల నుంచీ నిజామాబాద్ నుంచీ వెళ్లి ఆ ఎండల్లో ఇరవై ఏళ్లు సిమెంటు మోసినవాడికి ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, పొడిగించుకోవడమే యజమాని దయ. నాలుగు నెలలకు ఆ సోఫియాగారే హైదరాబాదు ఐటీ సదస్సుకు వేంచేస్తే మనవాళ్లు బారులు తీరి సెల్ఫీలు దిగారు. ఆ వరసలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు ఒక్కడుండి ఉంటే, ‘తల్లీ, నీ కాగితాలు ఏ ఏజెంటు చేసిపెట్టాడు’ అని అడిగేవాడు.

యంత్రాలంటే నాకు పడదని కాదు. మా అమ్మ భుజాన్ని రుబ్బురోలు నుంచి కాపాడిన గ్రైండర్‌కి నేను దసరాకి బొట్టు పెడతాను. అది ఏనాడూ సదస్సులో ప్రసంగించలేదు. 1961లో జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి కుదిరిన తొలి రోబోకి మొహమే లేదు, ఉన్నది ఒక్క చెయ్యి. కాలుతున్న లోహపు ముక్కలు ఎత్తిపెట్టేది, అంతే. కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు దిగే యంత్రాన్ని తయారుచేశారు, 2018లో తిరువనంతపురంలో పనిలోకి దింపారు. దాని పేరు బ్యాండికూట్. ఆ ఇంగ్లీషు మాట మన పందికొక్కులోంచి పుట్టిందే. రక్షణ సరంజామా లేకుండా మురుగులోకి మనిషిని దింపకూడదని 2013లోనే చట్టం చేసుకున్నాం. అయినా ఊపిరాడక పోయినవాళ్ల వార్త లోపలి పేజీలో వస్తూనే ఉంది. ఆ పందికొక్కుని చూడ్డానికి ఎవరూ సోఫాల్లో కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. దాంతో సెల్ఫీ ఎవడు దిగుతాడు?

ఈ మధ్య మా తోడల్లుడు వడ్రంగిని పిలిచాడు. చిట్టి దాటలేకపోతోంది కాబట్టి గడపలు చెక్కేయమన్నాడు. "గడప లేని కొంపలో లక్ష్మి ఎక్కడ నిలబడుతుంది నాయనా" అని అత్తగారు రెండు పూటలు అన్నం మానేశారు. మధ్యేమార్గంగా ప్రతి గడపకూ అటూ ఇటూ చిన్న చెక్క వాలు బిగించారు. శుక్రవారం పొద్దున అత్తగారు అలవాటు కొద్దీ గడపలకూ, వాటితోపాటు ఆ వాలు చెక్కలకూ శుభ్రంగా తడి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. పది గంటలకు చిట్టి, అన్న సమయానికి, తడిగుడ్డతో బయల్దేరింది. మొట్టమొదటిసారి గడప దాటింది. దాటి, పడగ్గదిలోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ, తెల్లటి టైల్స్ మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా పసుపు చారలు తీర్చింది, మధ్యమధ్య కుంకుమ.

నేను వెళ్లేసరికి మా తోడల్లుడు ఫోను చూపిస్తూ ఎదురొచ్చాడు. "చూశావా అన్నయ్యా, ఇవాళ నూటికి నూరు శాతం శుభ్రం చేసిందట." అతని వెనకాల పనామె మోకాళ్ల మీద కూర్చుని, బకెట్‌లో మూడోసారి నీళ్లు మారుస్తోంది.