బార్సిలోనాకు బయానా

హైదరాబాద్ శివారు రావల్కోల్‌లో ప్లాటు అమ్ముడుపోయిందో లేదో, ఓ ఆసామి బార్సిలోనాకు ఆరు రోజుల ప్లాను గీసేశాడు. షెంగెన్ వీసాకు 90 యూరోలా? కట్టేద్దాం. 30 వేల యూరోల బీమానా? చేయించేద్దాం. అక్కడ 1882లో మొదలెట్టిన సగ్రాదా ఫమీలియా చర్చి పని ఇంకా నడుస్తోందంటే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మన వెంచర్లలో క్లబ్‌హౌస్‌లు చూసిన కళ్లు మరి! 2024 జులైలో అక్కడి జనం టూరిస్టుల మీద నీళ్ల తుపాకులు పేల్చారంటే, ‘మనకు హోలీ కొత్తనా?’ అన్నాడు. టూరిస్టుల వల్ల కిరాయిలు పెరిగి సొంతూళ్లో ఉండలేకపోతున్నామని వాళ్ల గోడు. గజం రేటు పెంచి అమ్మినాయన చెవికి అది ఎక్కుతుందా? అన్నట్టు, దగ్గర్లోనే ఉన్న శామీర్‌పేట చెరువు ఆయనింకా చూడలేదట. దానికి వీసా అక్కర్లేదు కదా, అందుకే!